క్రెడిట్ పాడైనా యూకేలో బ్యాంకు అకౌంటు వస్తుంది, పేరు పెట్టి అడగండి

"అక్కా, నా జీతం ఫ్రెండు అకౌంటులో పడుతోంది, నాకు ఏ బ్యాంకూ అకౌంటు ఇవ్వట్లేదు, క్రెడిట్ మొత్తం పోయింది, ఇంక ఇంటికి వెళ్లిపోవడమేనా" అని పోయిన నెల ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఒంగోలు దగ్గర పల్లె, లెస్టర్‌లో మాస్టర్స్ అయిపోయి ఇప్పుడు వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టులు చేస్తున్నాడు. గొంతు వింటుంటేనే తెలిసిపోతోంది, చాలా రోజులుగా నిద్ర లేదని. ఆ అబ్బాయికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి ఫోన్లు నాకు ఏటా వస్తూనే ఉన్నాయి, అందరిదీ ఒకటే భయం, క్రెడిట్ స్కోరు చెడిపోతే ఈ దేశంలో బ్యాంకులు గడప తొక్కనివ్వవని. స్కోరు చెడితే అప్పు పుట్టడం కష్టమవుతుంది, నిజమే. కానీ జీతం పడటానికి, అద్దె కట్టడానికి ఒక అకౌంటు మాత్రం అడిగితే ఇచ్చి తీరాలి, దాని పేరు బేసిక్ బ్యాంక్ అకౌంట్.

అసలు అతని క్రెడిట్ ఎలా పోయిందంటే, మన పిల్లల్లో సగం మందికి పోయినట్టే పోయింది. రూమ్మేటుకి ఐఫోన్ కావాలి, కాంట్రాక్టు అతని పేరు మీద రాలేదు, "నీ పేరు మీద తీసుకోరా, నెలనెలా నేను కడతా" అన్నాడు. 24 నెలల కాంట్రాక్టు. ఆరు నెలలు కట్టి రూమ్మేటు వేరే ఊరు వెళ్లిపోయాడు, మన తమ్ముడు డైరెక్ట్ డెబిట్ (అకౌంటులోంచి బిల్లు డబ్బు నెలనెలా దానంతటదే పోయే ఏర్పాటు) ఆపేశాడు, ఆపేస్తే కాంట్రాక్టు కూడా ఆగిపోతుందనుకున్నాడు. ఆగదు. వరుసగా కొన్ని నెలలు కట్టకపోతే డిఫాల్ట్ అని రాస్తారు, అది ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు సంస్థల రికార్డుల్లోకి వెళ్లి 6 ఏళ్లు కూర్చుంటుంది. ఈలోగా మొత్తం కట్టేసినా ఆ 6 ఏళ్లూ గీత పోదు, పక్కన "కట్టేశారు" అని మాత్రం చేరుతుంది. కొత్తగా దిగినవాళ్లకి ఇంకో మాట, మన సిబిల్ స్కోరు 800 ఉన్నా ఇక్కడ దాన్ని దాదాపు ఎవరూ చూడరు, మీది చెడ్డ రికార్డు కాదు, ఖాళీ రికార్డు. రెండూ వేరు, ఖాళీ రికార్డు ఉన్నంత మాత్రాన ఏ టెన్షనూ అక్కర్లేదు.

నాకు కూడా ఇదే జరిగింది కాబట్టి చెప్పగలుగుతున్నాను. 2010లో హ్యాట్‌ఫీల్డ్‌లో ఐదుగురం ఒక ఇంట్లో ఉండేవాళ్లం, కరెంటు బిల్లు నా పేరు మీద ఉండేది. ఇల్లు ఖాళీ చేసి ఎవరి దారిన వాళ్లం వెళ్లాం, చివరి బిల్లు పాత అడ్రసుకి వచ్చింది, నాకు తెలియనే లేదు. తర్వాత బ్యాంకు మారదామని వెళ్తే కౌంటరు దగ్గర "సారీ" అన్నారు. పాత అకౌంటు అప్పటికే మూసేసుకున్నాను. అలా మూడు నెలలు నా జీతం ఒక స్నేహితురాలి అకౌంటులో వేయించుకున్నాను. మంచి పిల్ల, ఒక్క పెన్నీ కూడా తినలేదు. కానీ రెండో నెలలో నా జీతం పడేసరికి తన అకౌంటు ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంది, అంటే ఉన్నదానికంటే ఎక్కువ వాడి బ్యాంకుకి బాకీ పడి ఉంది, పడిన డబ్బు మైనస్‌ని పూడ్చుకుంటూ వెళ్లింది, ఏటీఎం దగ్గర నిలబడి చూస్తే తీయడానికి మిగిలింది 140 పౌండ్లు. మర్నాడు అద్దె కట్టాలి. తను నా పక్కనే నిలబడి ఏడుస్తోంది, నేను తనని ఓదారుస్తున్నాను, ఆ డబ్బు నా రాత్రి డ్యూటీల డబ్బు. ఎంత మంచివాళ్లయినా సరే, ఇంకొకరి అకౌంటులో మీ జీతం వేయించుకోకండి. బ్యాంకు లెక్కలో డబ్బు అకౌంటు ఎవరి పేరున ఉంటే వాళ్లదే అనిపించుకుంటుంది, ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్లు అడిగినా, తర్వాత వీసా కాగితాలకి కావాలన్నా, మీ పేరున్న స్టేట్‌మెంటు మీ దగ్గర ఉండదు.

అప్పట్లో బేసిక్ అకౌంటు ఇవ్వడం బ్యాంకుల ఇష్టం మీద నడిచేది. ఇప్పుడు చట్టం ఉంది. పేమెంట్ అకౌంట్స్ రెగ్యులేషన్స్ అని 2015లో చేశారు, బేసిక్ అకౌంట్ల భాగం 2016 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. బార్‌క్లేస్, హెచ్‌ఎస్‌బీసీ, లాయిడ్స్, నాట్‌వెస్ట్, శాంటాండర్, నేషన్‌వైడ్, కోఆపరేటివ్ బ్యాంక్, టీఎస్‌బీ లాంటి పెద్ద సంస్థలు తప్పనిసరిగా ఈ అకౌంటు ఇవ్వాలి, నెలవారీ ఫీజు తీసుకోకూడదు, క్రెడిట్ బాగోలేదని గానీ డబ్బు తక్కువని గానీ కాదనకూడదు. ఇందులో డెబిట్ కార్డు వస్తుంది, జీతం వేయించుకోవచ్చు, డైరెక్ట్ డెబిట్, స్టాండింగ్ ఆర్డర్ (ప్రతినెలా ఒకే మొత్తం దానంతటదే వెళ్లేలా) పెట్టుకోవచ్చు, ఫోనులో యాప్ ఉంటుంది, ఏ ఏటీఎంలో అయినా తీసుకోవచ్చు. ఓవర్‌డ్రాఫ్ట్ ఉండదు, చెక్కుబుక్కు ఉండదు. ఓవర్‌డ్రాఫ్ట్ లేకపోవడం లోటు అనుకుంటారు చాలామంది, నన్నడిగితే మొదటి రెండేళ్లు అది లేకపోవడమే మేలు, ఇక్కడ ఓవర్‌డ్రాఫ్ట్ మీద వడ్డీ దాదాపు 40 శాతం దాకా ఉంటుంది. ఇంకొకటి, డబ్బు లేక డైరెక్ట్ డెబిట్ వెనక్కి తిరిగితే బేసిక్ అకౌంటులో బ్యాంకు జరిమానా వేయకూడదు. డబ్బు అందని కంపెనీ వేస్తే వేయొచ్చు, అది వేరే సంగతి.

మరి చట్టం ఉంటే ఆ తమ్ముడికి మూడు చోట్ల ఎందుకు కాదన్నారు? అతను అడిగింది బేసిక్ అకౌంటు కాదు. ఆన్‌లైన్‌లో మామూలు కరెంట్ అకౌంటుకి అప్లై చేశాడు, అందులో ఓవర్‌డ్రాఫ్ట్ కావాలా అన్న చోట టిక్ పెట్టాడు, కంప్యూటరు క్రెడిట్ చూసి కాదంది. ఒక చోట కాదనగానే ఆ రాత్రే ఇంకో చోట, మర్నాడు ఇంకో చోట, ప్రతిసారీ రికార్డులో ఒక హార్డ్ సెర్చ్, అంటే అప్లై చేసినప్పుడు బ్యాంకు రికార్డు తీసి చూసిందన్న గుర్తు, పడింది, చూసేవాళ్లకి వీడు డబ్బు కోసం తంటాలు పడుతున్నాడు అనిపిస్తుంది. బ్యాంకుల వెబ్‌సైట్లలో బేసిక్ అకౌంటు మొదటి పేజీలో ఉండదు, వెతుక్కోవాలి, పేర్లు కూడా వేరువేరుగా పెడతారు. నాట్‌వెస్ట్‌లో ఫౌండేషన్ అకౌంట్ అంటారు, నేషన్‌వైడ్‌లో ఫ్లెక్స్‌బేసిక్, కోఆపరేటివ్ బ్యాంకులో క్యాష్‌మైండర్. అందుకని బ్రాంచికి వెళ్లినా, ఫోనులో అయినా, మొదటి మాటే "నాకు బేసిక్ బ్యాంక్ అకౌంట్ కావాలి" అనండి. వాళ్లు ఇంకేదో అకౌంటు చూపించబోతే మళ్లీ అదే మాట అనండి, మొహమాటపడొద్దు. అన్ని కాగితాలూ ఇచ్చాక 10 పనిదినాల్లో తెరవాలి, లేదా ఎందుకు ఇవ్వట్లేదో రాసివ్వాలి. అప్పటికే మీకు ఇక్కడ వేరే బ్యాంకులో వాడుకునే అకౌంటు ఉంటే కాదనొచ్చు. వీసా గడువు దాటిపోయినా, మోసం అనుమానం ఉన్నా, బ్యాంకు స్టాఫ్‌తో బెదిరింపులకి దిగినా కాదనొచ్చు. అవేవీ లేకుండా కాదంటే రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి, 8 వారాల్లో తేల్చకపోయినా, తేల్చిన మాట మీకు నచ్చకపోయినా ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ అనే, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే సంస్థ దగ్గరికి వెళ్లొచ్చు, దానికి ఖర్చేమీ లేదు.

ఏ బ్యాంకు అని అడుగుతారు. నేను చెప్పేది ఒకటే, మీరు బాకీ ఉన్న బ్యాంకుకి మాత్రం వెళ్లకండి. పాత ఓవర్‌డ్రాఫ్టో, క్రెడిట్ కార్డో కట్టకుండా వదిలేసిన బ్యాంకులోనే మళ్లీ అకౌంటు తెరిచి జీతం వేయించుకుంటే, ఆ జీతంలోంచి పాత బాకీ పట్టేసుకునే హక్కు వాళ్లకి ఉంటుంది. కొత్త బ్యాంకులో అకౌంటు తెరిచి, పాతవాళ్లతో నెలకి ఇంత అని మాట్లాడుకుని కట్టండి. ఎలా మాట్లాడాలో తెలియకపోతే స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్, సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థలు ఉన్నాయి, పైసా తీసుకోరు. "బ్యాడ్ క్రెడిట్ వాళ్లకి స్పెషల్ అకౌంట్" అని నెలకి ఫీజు గుంజే ప్రకటనలు కనబడతాయి, ఉచితంగా హక్కున్న దానికి డబ్బు కట్టకండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. క్రెడిట్ చెడిపోవడం ఒకటి, మోసం మార్కు పడటం ఇంకొకటి, మన పిల్లలు ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో రోజూ చూస్తాను, "అర్జెంట్, పౌండ్లు ఇస్తాను, ఇండియా అకౌంటులో రూపాయలు వేయండి, మంచి రేటు". నాన్న ఊళ్లో లక్ష రూపాయలు ఎవరికో వేస్తారు, ఇక్కడ మీ అకౌంటులో ఎవరో పౌండ్లు వేస్తారు. ఫీజులకి డబ్బు సులువుగా చేతికొచ్చిందనుకుంటారు. ఆ పౌండ్లు ఎవరివి? ఏ ముసలాయన్నో ఫోనులో మోసం చేసి లాగినవి అయితే, ఆయన తన బ్యాంకులో కంప్లైంట్ ఇచ్చిన రోజు ముందుగా దొరికేది మీ అకౌంటే. ఉన్న డబ్బుతో సహా ఫ్రీజ్ చేస్తారు, అకౌంటు మూసేస్తారు, సీఫాస్ అనే, మోసాల వివరాలు బ్యాంకులు పంచుకునే సంస్థ డేటాబేసులో మీ పేరు మీద మార్కు వేస్తారు, అది 6 ఏళ్లు ఉంటుంది. ఆ మార్కు ఉంటే బేసిక్ అకౌంటు కూడా కాదనొచ్చు. ఇంకా లోతుకి వెళ్తే అది మనీ లాండరింగ్ కేసు, ఆ నేరానికి ఇక్కడ గరిష్ఠ శిక్ష 14 ఏళ్లు, వీసా సంగతి చెప్పనే అక్కర్లేదు. "నీ అకౌంటు ఒక్క వారం వాడుకుంటా, 200 ఇస్తా" అన్నా ఇదే. మీ సీనియరు అడిగినా, మీ ఊరివాడు అడిగినా, కులపోడు అడిగినా ఇవ్వకండి. డబ్బు బ్యాంకు ద్వారా గానీ, లైసెన్సు ఉన్న మనీ ట్రాన్స్‌ఫర్ ద్వారా గానీ తెప్పించుకోండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా పర్వాలేదు. కారణం చెప్పకుండా అన్ని బ్యాంకులూ కాదంటుంటే సీఫాస్‌నే అడిగి మీ రికార్డు ఉచితంగా తెప్పించుకోవచ్చు, తప్పుగా పడి ఉంటే మార్కు వేసిన బ్యాంకుతో పోరాడొచ్చు.

కాగితాల సంగతి పెద్దగా లేదు. పాస్‌పోర్టు, ఈవీసా షేర్ కోడ్ (మీ వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూపించే కోడ్), అడ్రస్ ప్రూఫ్. అడ్రస్ దగ్గరే అందరూ ఆగిపోతారు, ఐదుగురు ఉన్న ఇంట్లో అగ్రిమెంటు ఒకరి పేరు మీదే ఉంటుంది కాబట్టి. స్టూడెంట్ అయితే యూనివర్సిటీని బ్యాంక్ లెటర్ అడగండి, బ్యాంకు పేరు, మీ ఇంటి అడ్రసు రెండూ అందులో ఉండేలా. ఉద్యోగం అయితే కంపెనీ లెటర్‌తో సరిపెట్టుకునే బ్యాంకులున్నాయి, వెళ్లేముందు ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.

అకౌంటు వచ్చాక క్రెడిట్ బాగుచేసుకోవడానికి మనవాళ్లు చాలామందికి తెలియని దారి ఒకటుంది. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి సరైన వీసా మీద ఇక్కడ ఉంటున్న మనం ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకోవచ్చు, ఓటు కూడా వేయొచ్చు. ఆ జాబితాలో పేరుంటే మీరు ఆ అడ్రసులో ఉంటున్నారని క్రెడిట్ సంస్థలకి రుజువు దొరుకుతుంది, స్కోరుకి మంచిది. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన రూమ్మేటు అప్పులు మీకు అంటవు, కానీ వాళ్లతో కలిసి జాయింట్ అకౌంటు తెరిస్తే ఇద్దరి రికార్డులూ ముడిపడతాయి, అద్దె పోగుచేసుకోవడానికని అలా తెరవకండి. మూడు సంస్థల దగ్గరా మీ రిపోర్టు ఉచితంగా చూసుకోవచ్చు, ఏడాదికి ఒకసారైనా చూసుకోండి. ఆ తమ్ముడి రిపోర్టు తెరిస్తే ఎప్పుడో ఖాళీ చేసిన రెండు అడ్రసులు అలాగే ఉన్నాయి.

అతను పోయిన సోమవారం బ్రాంచికి వెళ్లి నేను చెప్పిన మాటే అన్నాడు, కార్డు పోస్టులో వస్తుందని చెప్పారట. వచ్చిన రోజే సార్ట్ కోడ్ (బ్యాంకు బ్రాంచి నంబరు), అకౌంటు నంబరు జీతాలు చూసే పేరోల్‌కి మెయిల్ చేయమన్నాను, చాలా కంపెనీల్లో నెల మధ్యలోనే జీతాల లిస్టు మూసేస్తారు, ఒక్క రోజు ఆలస్యమైనా ఈ నెల జీతం మళ్లీ ఫ్రెండు అకౌంటులోకే పోతుంది.