అమెరికా కోర్టు తీర్పుల మీద మన తెలుగువాళ్లు రెండుగా ఎందుకు చీలిపోయారు? టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి ఒక హెచ్-4 జవాబు

కన్జర్వేటివ్ జడ్జీలంతా మనకు వ్యతిరేకం, లిబరల్ జడ్జీలంతా మనవైపు అంటున్నారు, నిజమేనా, దీని మీద మనవాళ్లు ఇంతలా ఎందుకు కొట్టుకుంటున్నారు అని అడిగారు. మొదటిదానికి జవాబు సూటిగా చెప్తాను: ఆ లెక్క నమ్ముకుంటే ప్రతిసారీ దెబ్బ తింటాం. ఒక్క 2025నే తీసుకోండి.

జనవరి 20న ట్రంప్ ఆర్డర్ వచ్చింది. తల్లి అనుమతి లేకుండా ఇక్కడ ఉన్నా, లేదా హెచ్-1బి (ఉద్యోగ వీసా), హెచ్-4 (హెచ్-1బి ఉన్నవాళ్ల భార్య లేక భర్తకిచ్చే వీసా), స్టూడెంట్ వీసా లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నా, తండ్రి సిటిజన్ గానీ గ్రీన్ కార్డు ఉన్నవాడు గానీ కాకపోతే, ఇక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం లేదన్నది దాని సారాంశం. మూడో రోజుకే సియాటిల్‌లో జడ్జి జాన్ కఫనౌర్ దాన్ని ఆపేశారు. ఆయన్ని నియమించింది రీగన్, అంటే కన్జర్వేటివ్‌ల పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీ అధ్యక్షుడు. జులైలో న్యూ హాంప్‌షైర్‌లో మళ్లీ ఆపిన జోసెఫ్ లప్లాంట్‌ను నియమించిన జార్జ్ డబ్ల్యూ. బుష్‌దీ అదే పార్టీ. ఇక కొత్త హెచ్-1బికి లక్ష డాలర్లు కట్టాలన్న సెప్టెంబరు ప్రకటన సంగతి చూడండి. డిసెంబరు 23న అది చెల్లుతుందని తీర్పిచ్చిన బెరిల్ హావెల్‌ను నియమించింది లిబరల్‌ల పార్టీ అయిన డెమొక్రాట్ల అధ్యక్షుడు ఒబామా. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపుల్లో "ఒబామా జడ్జి అయ్యుండి ఇలా ఎలా ఇచ్చింది?" అన్నదే మాట.

ఎలా ఇచ్చారంటే, ఆమె ముందున్న ప్రశ్న వేరు. ఆ ఫీజు మంచిదా చెడ్డదా అన్నది కాదు, అలా చేసే అధికారం దేశాధ్యక్షుడికి కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఇచ్చిందా లేదా అన్నది. విదేశీయుల ప్రవేశాన్ని ఆపే అధికారం ఇమిగ్రేషన్ చట్టం అధ్యక్షుడికి చాలా విశాలంగా ఇచ్చింది. కొన్ని దేశాలవాళ్లు రాకుండా ట్రంప్ పెట్టిన ట్రావెల్ బ్యాన్‌ను 2018లో సుప్రీంకోర్టు 5-4తో నిలబెట్టింది కూడా దాని ఆధారంగానే. కఫనౌర్ ముందున్నది ఇక్కడ పుట్టినవాళ్లకు పౌరసత్వమిచ్చే రాజ్యాంగంలోని 14వ సవరణ. దాన్ని ఒక ఆర్డర్‌తో మార్చగలరా అన్నది అక్కడి ప్రశ్న. తీర్పు వచ్చిన రోజు మనం ఎవరు గెలిచారో చూస్తాం, ఏ ప్రశ్నకు జవాబిచ్చారో చూడం.

ఇది అర్థం చేసుకోకపోతే ఎంత నష్టమో నాకు తెలిసొచ్చింది జూన్ 27న. ఆ రోజు సుప్రీంకోర్టు 6-3తో, ఒక జిల్లా జడ్జి దేశం మొత్తానికీ వర్తించేలా స్టే ఇవ్వడం కుదరదు, దావా వేసినవాళ్ల మేరకే ఇవ్వాలంది. తీర్పు రాసింది జస్టిస్ ఎమీ కోనీ బారెట్. పౌరసత్వం ఎవరికన్న అసలు విషయం జోలికి వాళ్లు పోనేలేదు. కానీ మా గ్రూపుల్లో "పుట్టిన పిల్లలకు సిటిజన్‌షిప్ తీసేశారు" అని గంటలో పాకిపోయింది. మా ఫ్రెండ్ ఒకమ్మాయికి ఆగస్టులో డెలివరీ. ఆ ఆర్డర్ మీద దావా వేసిన రాష్ట్రాల్లో మా టెక్సాస్ లేదు, న్యూజెర్సీ ఉంది. ఎడిసన్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లి కంటానని ఆ పిల్ల సూట్‌కేసు సర్దుకుంది. ఎనిమిదో నెలలో విమానం వద్దని డాక్టరు అంటే, కారులో వెళ్తానంది. కానుపుకు పుట్టింటికెళ్లే ఆచారం ఉన్నవాళ్లం, కానీ బిడ్డ పౌరసత్వం కోసం రాష్ట్రం మారాల్సిన స్థితి వస్తుందని ఎవరనుకుంటాం! లప్లాంట్ జులై 10న ఆ ఆర్డర్ తగిలే పిల్లలందరినీ ఒకే వర్గంగా తీసుకుని క్లాస్ యాక్షన్ కింద రక్షణ ఇచ్చాకే ఆమె ఆగింది.

అప్పుడు మా బావగారు, అంటే మావారి అన్నగారు, "మంచి తీర్పు. ఎక్కడో కూర్చున్న ఒక్క జడ్జి దేశాన్నంతా ఆపడమేంటమ్మా?" అన్నారు. అన్న మాటలో న్యాయం ఉంది. నేను అడిగిందల్లా ఒక్కటే: "2015లో మన టెక్సాస్ బ్రౌన్స్‌విల్‌లో జడ్జి హేనన్, కాగితాల్లేని తల్లిదండ్రులను పంపేయకుండా ఆపే ఒబామా ప్రోగ్రామ్‌ను దేశమంతటా ఆపినప్పుడు కూడా మీరు ఇదే అన్నారా బావగారూ?" అప్పుడు సంబరపడ్డది ఆయన వైపువాళ్లు, అన్యాయమన్నది నా వైపువాళ్లు. పదేళ్లలో రెండు పక్షాలూ కుర్చీలు మార్చుకున్నాయి. అదే స్టే, అదే అధికారం.

నా సొంత కథ కూడా చెప్పాలి. నేను 2011లో పెళ్లయి హెచ్-4 మీద వచ్చాను. గుంటూరులో బీటెక్ చేసి, ఇక్కడ నాలుగేళ్లు పని చేసే హక్కు లేకుండా ఇంట్లో ఉన్నాను. 2015 మే 26న హెచ్-4 ఈఏడీ రూలు, అంటే గ్రీన్ కార్డు దారిలో ఉన్నవాళ్ల భార్యకో భర్తకో పని చేసే అనుమతి కార్డు ఇచ్చే రూలు, అమల్లోకి వచ్చింది. అమల్లోకి రాకముందే సేవ్ జాబ్స్ యూఎస్ఏ అనే సంస్థ కేసు వేసింది. వాళ్లు సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే కరెంటు కంపెనీలో పనిచేసిన ఐటీ ఉద్యోగులు. తమ స్థానంలో హెచ్-1బి వాళ్లను తెచ్చి తమను తీసేశారన్నది వాళ్ల ఆరోపణ. వాళ్లను తిట్టడం నాకు చేతకాదు. ఉద్యోగం పోయిన ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాకపోతే వాళ్ల బాధకు మందు నా కార్డు తీసేయడంలో లేదని గట్టిగా నమ్ముతాను.

ఆ కేసు పదేళ్లు నడిచింది. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు లోపర్ బ్రైట్ తీర్పిచ్చింది. చట్టంలో అస్పష్టత ఉంటే ప్రభుత్వ శాఖ చెప్పిన అర్థానికి కోర్టులు తల వంచనక్కర్లేదని, 1984 నాటి షెవ్రాన్ తీర్పును కొట్టేసింది. బావగారికి రెండు గ్యాస్ స్టేషన్లున్నాయి. రూల్స్ పేరుతో శాఖలు పీడిస్తున్నాయని ఆయన ఏనాటి నుంచో అంటారు, ఆ తీర్పుకు నిజంగా ఆనందించారు. నా ఈఏడీ కూడా ఒక శాఖ రాసిన రూలే. అవతలివాళ్ల లాయర్లు వెంటనే ఆ తీర్పునే మా మీదికి తెచ్చారు. అయినా ఆగస్టులో డీసీ అప్పీలు కోర్టు రూలును నిలబెట్టింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. పదేళ్ల భయం తీరిందనుకున్నాం. ఆ నెలాఖరుకే, రెన్యూవల్ పెండింగ్‌లో ఉన్నప్పుడు పాత కార్డు మీద పని చేసుకునే ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్‌ను ప్రభుత్వం కొత్త రూలుతో తీసేసింది. కోర్టులో గెలిచింది చేతికొచ్చేలోపు ఆఫీసు గుమ్మం దగ్గర సగం పోయింది.

ఇక మనవాళ్ల మధ్య గొడవ. ఇది సిద్ధాంతాల తేడా అని బయటికి కనిపిస్తుంది. నేను చూసినంతలో, గ్రీన్ కార్డు, పౌరసత్వాల లైనులో ఎవరెక్కడ ఉన్నారన్నదే ఎక్కువగా మాట్లాడిస్తోంది. తొంభైల్లో వచ్చి సిటిజన్లయినవాళ్లు "మేం పద్ధతిగా వచ్చాం, సరిహద్దు దాటి వచ్చినవాళ్లకూ మనకూ ముడేంటి?" అంటారు. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసేవాళ్లు వణుకుతూ రెండువైపులా వింటారు. స్టూడెంట్ పిల్లలు నోరే విప్పరు, ఫోనులో పోస్టులు కూడా తుడిచేస్తున్నారు. పద్ధతిగా వచ్చామన్న గర్వం నాకూ అర్థమవుతుంది. కానీ జనవరి ఆర్డర్ దొంగదారిన వచ్చినవాళ్లనూ, సక్రమంగా వీసా తెచ్చుకున్న మా ఫ్రెండునూ ఒకే గాటన కట్టింది. ఈ మాట నేను మా ఇంట్లో చాలాసార్లు అన్నాను, ఇంకా అంటాను.

ఈ విషయంలో నాది మధ్యేమార్గం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీయులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అమెరికన్ పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు 6-2తో చెప్పింది. ఆయన తల్లిదండ్రులు ఇక్కడ స్థిరపడ్డవాళ్లు కాబట్టి తాత్కాలిక వీసాలకు అది వర్తించదని ఆర్డర్‌ను సమర్థించేవాళ్లు వాదిస్తారు. గ్రీన్ కార్డు కోసం పదిహేనేళ్లు ఇక్కడే బతికి, ఇల్లు కొని, పన్ను కట్టేవాళ్లను తాత్కాలికం అనడం నాకు ఏ కోణంలోనూ ఒప్పుగా తోచదు. ఆ అసలు ప్రశ్నను సుప్రీంకోర్టు 2025 డిసెంబరు 5న విచారణకు తీసుకుంది.

కోర్టులో అందరూ ఒక్కమాట మీదుంటే మేలు జరుగుతుందని కూడా అనుకోకండి. 1923లో మన దేశం నుంచి వెళ్లిన భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాడు కనుక పౌరసత్వానికి అర్హుడు కాడని తీర్పిచ్చినప్పుడు జడ్జీలలో ఒక్కరూ విభేదించలేదు. దాన్ని సరిదిద్దింది కోర్టు కాదు, 1946లో కాంగ్రెస్ చేసిన చట్టం. మన ఇప్పటి గ్రీన్ కార్డు లైనూ అంతే. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి 1990 చట్టంలోది. రీగన్ జడ్జి అయినా ఒబామా జడ్జి అయినా దాన్ని ముట్టుకోలేరు. సిటిజన్లయిన మన పెద్దలకు సెనేటర్ ఆఫీసు ఫోన్ నంబరు ఉంది, ఓటు ఉంది, మాకు లేవు. బావగారు కోపంగానే అయినా 2025 నవంబరులో మా సెనేటర్లిద్దరికీ ఈ 7 శాతం గురించి ఉత్తరం రాశారు. మీ ఇంట్లోనూ అలాంటి బావగారు ఉంటే, తీర్పుల మీద వాదన పక్కనపెట్టి ముందు ఆ ఉత్తరం రాయించండి.