నాలుక కింద తెల్లమచ్చ.. బయాప్సీలో హెచ్‌పీవీ అని వచ్చింది, ఆగి చూడొచ్చా?

ప్రశ్న: నా వయసు 54. నాలుక కింద పక్కగా తెల్లమచ్చ వచ్చింది. నొప్పి లేదు. బయాప్సీ రిపోర్టులో ‘హెచ్‌పీవీ సంబంధిత డిస్‌ప్లేసియా, పీ16 పాజిటివ్’ అని ఉంది. వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్ తేలిగ్గా తగ్గిపోతుందని అంటున్నారు. కొన్నాళ్లు ఆగి చూడొచ్చా?

సమాధానం: ఆగొద్దండీ. డిస్‌ప్లేసియా అంటే కణాలు, వాటి అమరిక అసహజంగా మారడం. ఇది ఇంకా క్యాన్సర్ కాదు, కానీ క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న మార్పు. మీరు విన్న మాట టాన్సిల్స్‌లో, నాలుక మొదట్లో వచ్చే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిల్లోమా వైరస్) క్యాన్సర్ల గురించి. అవి చికిత్సకు బాగా లొంగుతాయన్నది నిజమే. ఆ భరోసా మీ మచ్చకు వర్తించదు.

నోటి పైపొరలో అడుగున పుట్టిన కణాలు పైకి వచ్చేకొద్దీ ముదిరి చదునవుతాయి. ఈ రకం మచ్చలో ఆ క్రమం తప్పుతుంది. అడుగున ఉండాల్సిన చిన్నచిన్న ముదురురంగు కణాలే దాదాపు పై అంచు దాకా నిండి ఉంటాయి. వాటి మధ్య అక్కడక్కడా కేంద్రకం ముక్కలైపోయి చనిపోతున్న కణాలు కనిపిస్తాయి. విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన కణాల్లా ఉంటాయవి. మామూలు డిస్‌ప్లేసియాలో ఇవి ఇన్ని ఉండవు. అందుకే వీటిని చూడగానే పాథాలజిస్టుకు వైరస్ మీద అనుమానం వస్తుంది.

ఇక పీ16 సంగతి. అది కణాల్లో ఉండే ఒక ప్రొటీన్. వైరస్ తయారుచేసే ఈ7 ప్రొటీన్, కణ విభజనకు కళ్లెం వేసే ఆర్‌బీ ప్రొటీన్‌ను పనిచేయనివ్వదు. దాంతో కణంలో పీ16 పెరిగిపోతుంది. అంటే అది పరోక్ష సాక్ష్యమే, వైరస్ లేకున్నా ఒక్కోసారి పాజిటివ్ రావచ్చు. తీసిన ముక్కలో వైరస్ జన్యుపదార్థాన్ని నేరుగా వెతికే ఇన్ సిటూ హైబ్రిడైజేషన్ పరీక్షలో వైరస్ దొరికితే ఖాయం. చాలామందిలో దొరికేది హెచ్‌పీవీ 16 రకమే. ఆ పరీక్ష చేశారా అని మీ డాక్టర్‌ను అడగండి.

అయితే ఫలితం ఏదైనా చికిత్స మారదు. ఏ మచ్చ క్యాన్సర్‌గా మారుతుందో, ఏది ఏళ్లపాటు అలాగే ఉండిపోతుందో మైక్రోస్కోపు ముందుగా చెప్పలేదు. పైగా బయాప్సీకి తీసింది చిన్న ముక్కే. మిగతా మచ్చలో ఇప్పటికే క్యాన్సర్ మొదలై ఉంటే అందులో తెలియకపోవచ్చు. నేను దీన్ని పూర్తిగా తీయించేయమనడానికి అసలు కారణం ఇదే. తీసిన తర్వాత కూడా మళ్లీ రావచ్చు కాబట్టి చెకప్‌లు ఏళ్ల తరబడి కొనసాగాలి.

పొగతాగే అలవాటుంటే ఈరోజే మానేయండి. వైరస్ ఉన్నంత మాత్రాన పొగాకు ముప్పు తగ్గదు. హెచ్‌పీవీ టీకా కొత్త ఇన్ఫెక్షన్‌ను ఆపుతుందే గానీ ఉన్న మచ్చను తగ్గించదు. ఈలోపు మచ్చ గట్టిపడినా, పుండు పడినా, రక్తం వచ్చినా, మెడలో గడ్డ తగిలినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా వెంటనే వెళ్లి చూపించుకోండి.