ధర్మరాజు ద్రౌపదిని ‘ఓడాడు’ అనవచ్చునా?

సందేహం: దూరదర్శన్‌లో 1988లో మొదలైన బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ ధారావాహికలో నాకు అన్నిటికంటె ఇష్టమైనది జూదఘట్టం. దానిపై రాసిన చిన్న వ్యాసంలో ‘ధర్మరాజు తమ్ములను, తనను, చివరకు ద్రౌపదిని ఓడిపోయాడు’ అన్నాను. ‘ఓడు’ అకర్మక క్రియ కనుక దానికి ద్వితీయా విభక్తి కుదరదనీ, ఇది హిందీ సంభాషణలు విని రాసిన వాక్యమనీ ఒక మిత్రుడు ఆక్షేపించారు. ‘పోగొట్టుకున్నాడు’ అని దిద్దమన్నారు. ‘పందెంలో ఓడిపోయిన ద్రౌపది’ అనే నా ఉపశీర్షిక కూడా ఆయనకు నచ్చలేదు. ఏది సరైనది?

సమాధానం: మీ వాక్యాన్ని దిద్దనక్కరలేదు, ఉపశీర్షికను మాత్రం మార్చండి.

యుద్ధంలోనో ఎన్నికల్లోనో ఓడినప్పుడు ‘ఓడు’కు కర్మ ఉండదన్న మాట నిజమే. ఎవరు గెలిచారో చెప్పవలసి వస్తే ‘శకుని చేతిలో ఓడాడు’ అంటాము. అయితే జూదంలోనూ పందెంలోనూ ఒడ్డిన సొత్తు ఈ క్రియకు కర్మగా వస్తుంది. ‘కోడిపందేల్లో పదివేలు ఓడిపోయాడు’, ‘పేకాటలో ఎకరం పొలం ఓడాడు’ అనే మాటలు హిందీ రానివారి నోట కూడా వినబడతాయి. నలుడు పుష్కరుడితో ఆడి రాజ్యాన్ని ఓడాడని చెప్పుకోవడమూ ఇటువంటిదే. హిందీలో ‘ద్రౌపదీ కో హార్ గయే’ అంటారు కాబట్టి తెలుగు వాక్యం దానికి నకలే అయివుండాలనడం తొందరపాటు. తనను సభకు పిలవవచ్చిన దూత ప్రాతికామి ద్వారా ద్రౌపది పంపిన ప్రశ్నలో వ్యాసుడు కూడా ‘ఆత్మానం’, ‘మాం’ అని ఓడిన వారిని ద్వితీయలోనే నిలిపాడు.

ఆ ప్రశ్నకు తెలుగువారి నోట నానిన రూపం ‘తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా’ అన్నది. నేటి పిల్లలకు ‘తన్ను’ అంటే కాలితో తన్నడమే గుర్తుకు వస్తుంది గాని, ఇక్కడ అది ‘తాను’ అనే మాటకు ద్వితీయా రూపం, అంటే ‘తనను’. ‘తన్ను ఓడి’, ‘నన్ను ఓడెనా’ అని విడదీసి చూస్తే రెండు చోట్లా కర్మ ఉన్నదని మీ మిత్రులకే తెలుస్తుంది. దానికంటె రుచికరమైన సంగతి ‘ఓడి’ అనే క్త్వార్థకంలో ఉంది. ఒకే కర్త చేసిన రెండు పనులలో ముందుగా జరిగినదానిని క్త్వార్థకం చెబుతుంది. సంస్కృతంలో ‘పూర్వం’ అని విడిగా ఒక పదం వేసి అడిగిన వరుసను తెలుగు ఆ క్రియారూపంతోనే, రెండు ముక్కలనూ తారుమారు చేసి అడిగింది. మొదట తన్ను ఓడినవాడు దాసుడు, దాసుడికి మరొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిదన్న వాదమంతా ఏది ‘ఓడి’, ఏది ‘ఓడెనా’ అన్నదానిపైనే నిలిచింది. సభలో భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకోగా, చిన్నవాడైన వికర్ణుడు ఈ వరుసను పట్టుకునే ద్రౌపది పక్షాన మాట్లాడాడు. రాహీ మాసూమ్ రజా సంభాషణలతో, రూపా గంగూలీ నటనతో ఆ ఘట్టం అంతగా గుర్తుండిపోవడానికి ఈ ప్రశ్న పదునే ప్రధాన కారణమని నా అభిప్రాయం. పాచికలూ చీరా ఆ తరువాతి మాటే.

ఇక ‘పోగొట్టుకున్నాడు’ అంటే బజారులో పర్సు జారవిడుచుకున్నట్టుంటుంది. పోగొట్టుకోవడంలో అజాగ్రత్త చాలు. ధర్మరాజు తెలిసి, నోరారా చెప్పి, పణంగా ఒడ్డాడు. ‘కోల్పోయాడు’ అంటే మరీ చిక్కు, ఆమె మరణించిందని చదివేవారు అనుకోవచ్చు. ఒడ్డడాన్ని కూడా స్పష్టం చేయదలచుకుంటే ‘ద్రౌపదిని ఒడ్డి ఓడాడు’ అని రాయండి.

ఉపశీర్షిక విషయంలో మీ మిత్రుల అనుమానం సరైనదే, కారణం వేరు. ‘పందెంలో ఓడిపోయిన ద్రౌపది’ అన్నప్పుడు ‘ఓడిపోయిన’కు కర్త ద్రౌపదే అని మొదట స్ఫురిస్తుంది, ఆమే కూర్చుని పాచికలు వేసినట్టు అర్థం వస్తుంది. కర్తను చేర్చి ‘ధర్మరాజు ఓడిన ద్రౌపది’ అంటే కొంత నయం. ‘ఓడబడిన ద్రౌపది’ అని మాత్రం రాయకండి, ఆ కర్మణి రూపం తెలుగు చెవికి ఎక్కదు. ఇటువంటి ఇబ్బందే ‘గెలుచు’కూ ఉంది. ‘శత్రువును గెలిచాడు’ అన్నప్పుడు కర్మ ఎదిరి, ‘రాజ్యాన్ని గెలిచాడు’ అన్నప్పుడు కర్మ ఒడ్డిన సొత్తు. కనుక ‘శకుని ద్రౌపదిని గెలిచాడు’ అంటే ఆమెతో ఆడి గెలిచాడనే అర్థమూ పొంచి ఉంటుంది. మీ వ్యాసంలో ఆ వాక్యం కూడా ఉంటే ‘జూదంలో ద్రౌపదిని గెలుచుకున్నాడు’ అని మార్చండి. ‘కొను’ చేరగానే ఆమె అక్కడ పందెపు సొత్తేగాని ఎదుటి ఆటగత్తె కాదని తేలిపోతుంది.