ముక్కుల్లేని సైకిల్‌కి పాత ఫ్రేము పంపు ఇంట్లోనే బిగించుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: తాతగారి పాత సైకిల్ పంపు, మూరెడు పొడుగుది, మీ చేతికొచ్చింది. మీరు తొక్కేది గేర్ల సైకిలు. పంపుని పట్టి ఉంచే ముక్కులు దానికి లేవు. బంగీ తాడుతో, అంటే కొక్కేలున్న సాగే తాడుతో, కడితే మన విశాఖ బీచ్ రోడ్డులో స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా జారి పెడల్ మీదకి వస్తోంది. షాపువాడేమో ఆ పాతసామాను పారేసి చిన్న పంపు కొనుక్కోమన్నాడు.

పారేయకండి. ఆ పొడుగు పంపు ఒక్క దెబ్బకి కొట్టే గాలి, జేబులో పట్టే చిన్న పంపు మూడు దెబ్బలకి కూడా కొట్టలేదు. నడిరోడ్డు మీద ఎండలో నిలబడి కొట్టినవాడికే ఆ తేడా తెలుస్తుంది. నేను మా నాన్న పంపుని నాలుగు రకాలుగా కట్టి మూడుసార్లు భంగపడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

బిగించే సంగతికి ముందు ఒకటి చూసుకోండి. పాత పంపు గొట్టం కొన పాత రకం సైకిల్ వాల్వుకి, అంటే లోపల సన్నటి రబ్బరు వాల్వు ట్యూబు తొడిగే ఇత్తడి వాల్వుకి, పట్టేది అయి ఉంటుంది. గేర్ల సైకిళ్ళకి ఎక్కువగా మోటారు సైకిల్ రకం లావు వాల్వు వస్తుంది. రెండూ కలవవు. పంపు గొట్టానికి కొన మార్పించండి. లేదా తర్వాత ట్యూబు మార్చేటప్పుడు పాత వాల్వు ఉన్న ట్యూబు వేయించండి, లావు వాల్వుకి ఉన్న రిమ్ము బెజ్జంలో అది కూడా పడుతుంది. ఇది చూసుకోకపోతే మీరు మోసేది పంపు కాదు, ఉత్త గొట్టం.

ఇక పంపు ఎందుకు జారుతుందో చెప్తాను. మా నాన్న కంచరపాలెం నుంచి షిప్‌యార్డుకి షిఫ్టులకి సైకిల్ మీదే వెళ్ళేవారు. ఆ సైకిల్‌కి సీటు కింద నిలువు గొట్టం మీద, ఒకటి పైన ఒకటి కింద, చిటికెనవేలి కొన అంత ముక్కులు రెండు ఉండేవి. పంపు రెండు కొనల్లో గుంటలు. పిడి లోపల స్ప్రింగు. పిడిని కాస్త నొక్కి, రెండు ముక్కుల మధ్య పెట్టి వదిలేస్తే స్ప్రింగు బయటికి తన్నుకుని పంపు దానంతటదే బిగిసి కూర్చునేది. తాడు లేదు, కట్టు లేదు. సింధియా జంక్షన్ దగ్గర గోతుల్లో ఎన్నేళ్ళు ఎగిరిందో, ఒక్కసారి ఊడిందని విన్లేదు. ఇందులో గమనించాల్సింది ఏంటంటే, ఆ ముక్కులు పంపుని పొడుగు దిక్కున ఆపుతున్నాయి. మనం బంగీతోనో తాడుతోనో నడుం చుట్టూ బిగిస్తాం. పంపు పారిపోయేది నడుం దగ్గర కాదు, కొనల వైపుకి. కింద కొనకి ఆనుకోవడానికి ఏదో ఒకటి లేనంతవరకు మీరు ఎన్ని చుట్లు చుట్టినా అది జారుతూనే ఉంటుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక ఆ వారమంతా నాన్న సైకిలే మా ఇంటికి బండి. పెట్రోలు బంకుల దగ్గర క్యూలు, కరెంటు లేదు, రోడ్డు నిండా పడిపోయిన చెట్లు, అద్దం పెంకులు, ఎగిరిపోయిన రేకుల తాలూకు మేకులు. నాలుగు రోజుల్లో మూడు పంక్చర్లు. షాపులు తెరవలేదు. ముక్కుల మధ్య ఇరుక్కున్న ఆ పంపే మంచినీళ్ళ డబ్బాల్ని ఇంటికి చేర్చింది. తర్వాత ఆ సైకిల్ తుప్పు పట్టి పోయింది గానీ పంపు మాత్రం దాచుకున్నాను. గేర్ల సైకిల్ కొన్న రోజునే దాన్ని దీనికి కట్టాలనుకున్నాను.

మొదటిసారి కేబుల్ టైలు, అంటే వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు, ఒకసారి బిగిస్తే కోస్తే తప్ప ఊడనివి. నాలుగు వేసి, తోకలు కత్తిరించి, చూసుకుని మురిసిపోయాను. బిగుతుగా, శుభ్రంగా, కంపెనీలో బిగించినట్టే ఉంది. తర్వాతి ఆదివారం భీమిలి బయల్దేరాను. తొట్లకొండ దాటి మంగమారిపేట దగ్గర నీడ కోసం సరుగుడు తోట పక్కకి దిగితే వెనక టైరుకి పల్లేరుకాయలు. మన సముద్రం పక్క ఇసకలో పల్లేరుకాయ సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. ట్యూబు విప్పి ప్యాచీ వేశాను. గాలి కొడదామని పంపు దగ్గరికి వెళ్తే, అది ఊడదు. కత్తి లేదు, బ్లేడు లేదు. పళ్ళతో కూడా ప్రయత్నించాను, అబద్ధమెందుకు. చివరికి సైకిల్ నడిపించుకుంటూ ఒడ్డుకి వెళ్ళాను. అక్కడ వల బాగుచేసుకుంటున్న ముసలాయన నా వంకా పంపు వంకా చూసి, "ఏటి బాబూ, పంపుకి సంకెళ్ళేసినావేటి?" అని, వల కోసే చిన్న కత్తితో నాలుగూ టపటపా కోసేశాడు.

అప్పట్నుంచి నేను ఏ బిగింపునైనా ఒకటే పరీక్ష పెడతాను: చెమట పట్టిన చేతులతో, ఏ సాధనం లేకుండా, పంపు చటుక్కున ఊడి రావాలి.

ఆ పరీక్షకి నిలిచినవాటిలో అన్నిటికంటే సులువైనది పాత ట్యూబు. పంక్చర్ షాపులో అడిగితే పారేసిన స్కూటర్ ట్యూబు ముక్క ఊరికే ఇస్తారు. దాన్ని కత్తెరతో అడ్డంగా, బొటనవేలు వెడల్పు ఉంగరాలుగా కోయండి. ఉంగరాన్ని ఫ్రేము గొట్టం కింద నుంచి తీసి, ఒక కొనని రెండో కొనలోంచి దూర్చి లాగితే గొట్టానికి ఉచ్చులా పట్టుకుంటుంది. పాత చొక్కా బొత్తామో, రెండంగుళాల కర్రముక్కో ముందే ఆ ఉచ్చులో ఇరికించి పెట్టుకుని, మిగిలిన కొనని పంపు మీదుగా సాగదీసి ఫ్రేము అవతలి పక్క దానికి తగిలించండి. పైనొకటి, కిందొకటి. ఫ్రేముకీ పంపుకీ మధ్య అదే ట్యూబు చిన్న పీలిక పెడితే గడగడమనే చప్పుడు ఉండదు. ఒక లోపం: మన ఎండకి, ఉప్పుగాలికి రబ్బరు చిట్లుతుంది. నేను ఏడాదికి రెండుసార్లు మారుస్తాను. పైసా ఖర్చు లేదు కాబట్టి బాధ లేదు. కానీ ముందే చెప్పినట్టు ఇది నడుం పట్టే గానీ కొన పట్టు కాదు. రెండో ప్రయత్నంలో నేను ఈ ఉంగరాలు మాత్రమే వేశాను. కైలాసగిరి దిగుతుంటే పంపు రెండు ఉంగరాల్లోంచీ మెల్లగా జారి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. కింద దాకా వచ్చాక చూసుకుని మళ్ళీ కొండెక్కాను.

మూడోది హార్డ్‌వేర్ షాపులో దొరికే స్టీలు హోస్ క్లిప్పులు, స్క్రూ తిప్పితే బిగిసే పట్టీలు. పంపునీ ఫ్రేమునీ కలిపి బిగించేశాను. కేబుల్ టైల కథే మళ్ళీ, విప్పడానికి స్క్రూడ్రైవరు కావాలి. పైగా పంపు గొట్టం పలచటి రేకు, కాస్త ఎక్కువ బిగిస్తే సొట్టపడి లోపల వాషరు కదలదు. నాదానికి ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, అక్కడికి వచ్చేసరికి పిడి కొంచెం పట్టేస్తుంది. కార్బన్ ఫ్రేము ఉన్నవాళ్ళు స్టీలు పట్టీ జోలికే వెళ్ళొద్దు.

నాలుగోది కుదిరింది, ఇప్పుడు వాడుతున్నది అదే. ఇంట్లో ప్లంబరు పని జరుగుతున్నప్పుడు తట్టింది. వేడినీళ్ళ లైనుకి వేసే గోధుమరంగు సీపీవీసీ పైపుల్ని గోడకి పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి చూడండి, పైపుని నొక్కితే టక్కుమని కూర్చునేవి. ఒక ఇంచి సీపీవీసీ పైపు బయటి కొలత 28.6 మిల్లీమీటర్లు. మామూలు ఉక్కు ఫ్రేముల్లో సీటు కింది గొట్టం కూడా చాలావాటికి సరిగ్గా అదే 28.6. ముప్పావు ఇంచి పైపు బయటి కొలత 22.2. నా పంపు గొట్టం దానికి వెంట్రుకవాసి అటూ ఇటూ. అంతే, ఒక ఇంచి క్లిప్పునీ ముప్పావు క్లిప్పునీ వీపుకి వీపు ఆనించి, రెండిటి బెజ్జాల్లోంచి ఒక బోల్టు దూర్చి నట్టు బిగించాను. పెద్దది ఫ్రేముని కరుచుకుంటుంది, చిన్నది పంపుని. ఇలాంటి జత రెండు చేయాలి. బోల్టు తల క్లిప్పు లోపలికి పొడుచుకు రాకుండా చదునైన తల ఉన్నది తీసుకోండి, దాని మీద ట్యూబు ముక్క అంటించండి. క్లిప్పులు గట్టివి, మొదటిసారి ఫ్రేముకి ఎక్కించేటప్పుడు వేడినీళ్ళలో ముంచి తీస్తే తేలిగ్గా ఎక్కుతాయి.

కానీ మీది అల్యూమినియం ఫ్రేము అయితే, గేర్ల సైకిలు అన్నారు కాబట్టి అయ్యే ఉంటుంది, గొట్టాలు లావు, ఈ పెద్ద క్లిప్పు పట్టదు. అప్పుడు బాటిల్ స్టాండు బోల్టులు వాడుకోండి. అవి రెండూ 64 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి, 5 మిల్లీమీటర్ల బోల్టులు. స్టాండు విప్పి, దాని కింద ఒక అంగుళం వెడల్పు అల్యూమినియం పట్టీ పెట్టి మళ్ళీ బిగించండి. పట్టీ ఒక పక్కకి, ఎడమ వైపుకి, బయటికి రావాలి. ఆ బయటికొచ్చిన చోట ముప్పావు క్లిప్పులు రెండు బిగిస్తే సరి. నీళ్ళ బాటిలూ ఉంటుంది, పంపూ ఉంటుంది. బోల్టులు పట్టీ మందం అంత పొడుగువి మార్చుకోవాలి, పాతవి రెండు మరలే పట్టుకుని ఊగుతాయి.

ఇప్పుడు ఆ కొన పట్టు. హోస్ క్లిప్పుకి ఇక్కడే సరైన ఉద్యోగం. పంపు కింద కొన వచ్చే చోట ఫ్రేముకి ట్యూబు ముక్క చుట్టి, దాని మీద ఒక హోస్ క్లిప్పు బిగించండి, పంపుకి కాదు, ఫ్రేముకి మాత్రమే. బిగించే ముందు ఒక చిన్న ఎల్ ఆకారం రేకు ముక్క ఒక కాలు పట్టీ కిందకి దూర్చండి. రెండో కాలు బయటికి పొడుచుకుని ఉంటుంది, పంపు అడుగు దాని మీద కూర్చుంటుంది. మీ పంపు కొనలో గుంట ఉంటే ఆ కాలికి బెజ్జం కొట్టి ఒక చిన్న బోల్టు పైకి నిలబెట్టండి, మీ తాతగారి సైకిల్ ముక్కు మళ్ళీ వచ్చినట్టే. రేకు బదులు నేను కర్ర పెట్టాను. ఏటికొప్పాక వైపు చుట్టం ఒకాయన బొమ్మలు చేసే అంకుడు కర్ర ముక్క ఇచ్చాడు, మెత్తటి కర్ర, కూరగాయల కత్తికే చెక్కుడు పడింది. ఒక పక్క ఫ్రేము ఒంపుకి, ఇంకో పక్క పంపు అడుగుకి గాడి తీసి, పట్టీ కింద పెట్టి బిగించాను. లక్క పూత లేదు గానీ ఆముదం రాశాను, రెండు వానాకాలాలు చూసింది, పగల్లేదు.

ఎక్కడ పెట్టాలన్నది మీ ఫ్రేముని బట్టి. ఎడమ పక్క పెట్టండి, కుడి పక్క చైను మసి. పెట్టాక సైకిల్‌ని స్టాండు మీద నిలబెట్టి పెడల్ వెనక్కి పూర్తిగా ఒక చుట్టు తిప్పండి, తర్వాత ఎక్కి కూర్చుని మోకాలు ఆడించి చూడండి. పంపు నోరు కిందికి ఉండాలి, పైకి ఉంటే వాన నీళ్ళన్నీ తాగుతుంది. సీటు గొట్టం వెనక, చక్రానికీ గొట్టానికీ మధ్య ఖాళీ ఉంది కదా అని అక్కడ పెట్టేవాళ్ళున్నారు. బురదంతా దానికే. ఈ ఊళ్ళో జూన్ నుంచి నవంబరు దాకా ఆ పని వద్దు.

ఉప్పుగాలి మాట ఒకటి. బోల్టులు, క్లిప్పులు స్టెయిన్‌లెస్‌వి అడిగి తీసుకోండి. మామూలువి బీచ్ దగ్గర ఉండేవాళ్ళకి ఒక్క వానాకాలంలో ఎర్రబడి ఊడి రావు. బిగించే ముందు మరలకి కాస్త గ్రీజు పూయండి. పంపు లోపలి తోలు వాషరు ఎండిపోయి ఉంటే, పిడి లాగినప్పుడు గాలి పట్టు తెలియదు. పిడి మర విప్పి, కడ్డీ బయటికి తీసి, తోలుకి ఆముదం రాసి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు తోలు అంచుని వేళ్ళతో గొడుగులా విప్పి లోపలికి పెట్టండి. చాలా పాత పంపులు పనికిరావని పారేస్తారు గానీ, వాటికి కావలసింది అంతే.

ఇంత తేలిగ్గా ఊడేది దొంగకీ తేలిగ్గానే ఊడుతుంది. రైతు బజారు బయట సైకిల్ పెట్టినప్పుడు నేను పంపుని సంచీలో ములక్కాడల మధ్య పెట్టుకుని తిరుగుతాను. చూసినవాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి.

క్లిప్పులు కొనడానికి వెళ్ళే ముందు ఫ్రేము గొట్టానికి దారం ఒక చుట్టు చుట్టి స్కేలు మీద కొలవండి. 9 సెంటీమీటర్లు వస్తే ఒక ఇంచి క్లిప్పు. పంపుకి 7 వస్తే ముప్పావు. వేరే ఏదైనా వస్తే ఆ అంకె ఇక్కడ రాయండి, ఏది పడుతుందో చూసి చెప్తాను.