ఆఫెన్‌బాఖ్ వాల్ట్జ్ వాయించబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

వచ్చే నెల పియానో కచేరీకి స్వరకర్త ఆఫెన్‌బాఖ్ రాసిన ‘ఆబెంట్‌బ్లెటర్’ అనే వాల్ట్జ్, అంటే మూడు దెబ్బల నృత్య సంగీతం, ఎంచుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. అయితే ‘మరుగున పడిన రచన’ అంటూ సభలో జాలిగా పరిచయం చెయ్యకు. 1864 జనవరి 12న వియన్నాలో కాంకార్డియా అనే పాత్రికేయుల సంఘం జరిపిన కార్నివాల్ నృత్యోత్సవానికి రాసింది అది. పేరుకు అర్థం సాయంకాలపు పత్రికలు. అదే రాత్రికి వియన్నా స్వరకర్త యోహాన్ స్ట్రాస్ ‘మోర్గెన్‌బ్లెటర్’, అంటే ఉదయపు పత్రికలు, రాసిచ్చాడు. ఆ రాత్రి ఎక్కువ చప్పట్లు ఆఫెన్‌బాఖ్‌కే దక్కాయంటారు. తీరా నిలిచింది స్ట్రాస్‌ది. సాయంకాలం పేపరు మర్నాటికి పొట్లాలు కట్టడానికే కదా!

రెండూ వరసగా వాయించు, కానీ ఆఫెన్‌బాఖ్‌ది ముందు. స్ట్రాస్‌ది విన్న చెవికి అది పలచగా తోస్తుంది.

ఇక నీ ఎడమ చేతి సంగతి. చిన్నప్పుడు చేతికి పట్టిన రూపక తాళం నిన్నింకా వదల్లేదు. మూడు దెబ్బలూ త్రాసులో తూచినట్టు పడతాయి. వియన్నా వాళ్ళు రెండో దెబ్బను వెంట్రుకవాసి ముందే వేస్తారు, మూడోది తన చోటనే పడుతుంది. నా కుర్రతనంలో ఒక పెళ్ళి విందులో సమంగా కొట్టుకుంటూ పోతే, ఆడుతున్న జంట ఆగి నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తే.

వారం రోజులు ఎడమ చేతితోనే సాధన చెయ్యి. చెల్లెలిని గదిలో చుట్లు తిరగమను. తన అడుగు తడబడిన చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టుకో. తప్పు తనది కాదు.

పెడల్ మొదటి దెబ్బకు తొక్కి రెండో దెబ్బకే వదిలెయ్యి. ఆ ఉత్సవం జరిగిన సోఫియన్‌జాల్ అనే హాలు ఆ రోజుల్లో వేసవిలో ఈతకొలను. చలికాలంలో నీళ్ళు తీసేసి పైన చెక్కలు పరిచేవారు. కింద అంత బోలు ఉంటే మంద్ర స్వరాలు వాటంతటవే నిండుగా మోగుతాయి. నీ హాలులో ఆ సౌకర్యం లేదని పెడల్‌తో ఆ మోత తెప్పించబోతే అంతా గందరగోళమవుతుంది.

శ్రుతి చేసే ఆయనను కచేరీకి రెండు రోజుల ముందే పిలిపించు. శ్రుతి బాగా తప్పి ఉంటే, ఆ ఉదయమే సరిచేయించినా సాయంత్రానికి తీగలు జారవచ్చు.

మీ మామయ్య