డాగ్ సిట్టింగ్‌లో ఒక కుక్క పరుపును ఇంకో కుక్క చింపేస్తే డబ్బు ఎవరివ్వాలి?

సిట్టర్ (యజమానులు లేనప్పుడు వాళ్ల కుక్కల్ని చూసుకునే మనిషి) అజాగ్రత్త వల్ల చిరిగితే సిట్టరే ఇవ్వాలి. తగిన జాగ్రత్త తీసుకున్నా చిరిగితే, ముందే వేరే ఒప్పందం లేనంతవరకు, ఇవ్వక్కర్లేదు. తిరిగి ఇవ్వాలన్న షరతుతో వస్తువు అప్పగించడాన్ని మన చట్టంలో బెయిల్‌మెంట్ అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించినదాన్నీ అంతే జాగ్రత్తగా చూడాలి.

నాలుగు కుక్కలున్న చోట బీగిల్ పరుపును లాబ్రడార్ చీల్చేసిందనుకోండి. దానికి నమిలే అలవాటుందని తెలిసీ అన్నింటినీ ఒకే గదిలో వదిలి బజారుకు వెళ్తే అది అజాగ్రత్తే. విడివిడి గదుల్లో ఉంచినా బీగిల్ తన పరుపును తానే చింపుకుంటే సిట్టర్‌ని తప్పుపట్టలేం. ఇవ్వాల్సి వచ్చినా లెక్కకు వచ్చేది వాడిన పరుపు విలువే, కొత్తదాని ధర కాదు. అయినా డబ్బు సంగతి తర్వాత, ముందు ముక్కలన్నీ ఉన్నాయో లేదో చూడాలి. మింగిన గుడ్డపీలిక పేగుల్లో అడ్డుపడితే ప్రాణం మీదికొస్తుంది. అనుమానముంటే వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

చింపిన కుక్క యజమానే కట్టాలని చాలామంది అనుకుంటారు. కానీ ఆ సమయంలో కుక్క ఉన్నది సిట్టర్ అధీనంలో. దాని అలవాటును దాచిపెట్టి అప్పగిస్తే మాత్రం బాధ్యత యజమాని మీదకూ రావచ్చు.