పండ్లు వేసిన బ్రెడ్ మధ్యలో పచ్చిగా ఎందుకు ఉండిపోతుంది?

ఈస్ట్ లేకుండా, బేకింగ్ పౌడర్‌తో ఇంట్లో చేసే బ్రెడ్‌లో మామిడి, సీతాఫలం వేస్తే మధ్యలో ఉడకట్లేదని, ముక్కలన్నీ అడుగుకు దిగిపోతున్నాయని అడిగారు.

కారణం పండులోని నీళ్లే. పిండి వేడెక్కేకొద్దీ ముక్కలు రసం వదులుతాయి, చుట్టూ ఉన్న పిండి ఆ తడికి పచ్చిగానే ఉండిపోతుంది. అందుకే రసం ఎక్కువుండే మామిడి పండైతే గుజ్జును సన్నని మంట మీద కాసేపు దగ్గరపడనిచ్చి, చల్లార్చాక కలపండి. పాలు కూడా కొంచెం తగ్గించాలి. ముక్కలే వేస్తే శనగగింజంత కోసి, గుడ్డతో తడి అద్ది, చెంచా పొడి పిండిలో దొర్లించి చివర్లో వేయండి. రెండు కప్పుల పిండికి ఒక కప్పు ముక్కలు చాలు. పొడి పిండి కనిపించకుండా కలిసిందంటే ఇక గరిటె తీసేయాలి, ఎక్కువ కలిపితే బ్రెడ్ గట్టిపడుతుంది.

సీతాఫలం సంగతి వేరు. మన బాలానగర్ కాయ ఎంత తియ్యగా ఉన్నా, దాని గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది. దాన్ని ఓవెన్‌లో పెట్టకండి. బ్రెడ్ చల్లారాక చిక్కటి మీగడలో కలిపి పైన రాస్తే ఆ రుచే వేరు.

నల్గొండ బత్తాయిలు దొరికితే తొక్క పైపొర మాత్రం సన్నగా తురిమి వేయండి. కింది తెల్లపొర చేదు. రసం అప్పటికప్పుడు పిండిందే వాడాలి, నిల్వ ఉంటే అదీ చేదవుతుంది.